కాంపౌండర్ గారి హస్తవాసి

కోడలి కంచం మళ్ళీ పెరటి మెట్టు మీదే ఉంది. పక్కన గ్లాసు, గ్లాసులో చెంచా. రెండు నెలల్లో ఇది నాలుగోసారి.

కోడలు చెప్పులైనా విప్పకుండా వాటినే చూస్తూ నిలబడింది. పనిచేసే ల్యాబ్ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. సంచిలో ఒక కాగితం ఉంది. దాన్ని ఇంట్లో చూపించాలా వద్దా అని దారి పొడుగునా తెగని ఆలోచన కంచం కనబడగానే పక్కకి పోయింది. ఒళ్ళు మండింది.

"అత్తయ్యా, ఇది ఎంగిలి వల్ల రాదని ఎన్నిసార్లు చెప్పాలి?"

అత్తగారు వంటింట్లోంచి కదల్లేదు. ఉడికించిన బీట్‌రూట్ దుంపలకి తొక్క తీస్తూ అక్కణ్ణుంచే అంది.

"నువ్వు చెప్తూనే ఉంటావు. మరి నాకు వచ్చిందిగా! ఎలా వచ్చిందో చెప్పు, కంచం లోపల పెడతాను."

"రక్తంలో రక్తం కలిస్తేనే వస్తుంది."

"మనిద్దరి రక్తం ఎక్కడ కలిసిందే? ఎక్కడా కలవలేదు. మనం కలిసింది ఈ వంటింట్లోనే."

ఈ గొడవ రెండు నెలల కిందట మొదలైంది. అత్తగారికి కంటి ఆపరేషన్ చేద్దామని ముందుగా రక్తం పరీక్షిస్తే హెపటైటిస్ సి బయటపడింది. ఇంట్లో మిగతావాళ్ళూ చేయించుకోండి అన్నారు. కొడుక్కి లేదు, కోడలికి ఉంది. పదహారో ఏట కడుపు ఆపరేషన్‌లో ఆమెకి రెండు సీసాల రక్తం ఎక్కించారు, అప్పటిది అయ్యుంటుందని డాక్టర్లన్నారు. అత్తగారికి ఆ ముక్క చాలు. రోగం దాచి పెళ్ళి చేశారని తేల్చేసింది. ఒకప్పుడు ఆ వీధికి కాంపౌండరైన మామగారు మాత్రం "నాకేం రోగం?" అంటూ పరీక్షకి చెయ్యే చాపలేదు.

తేల్చుకుని ఊరుకున్నా బాగుండేది. ఆవిడ వీధి వీధంతా చెప్పుకొచ్చింది. రేపు వీధి చివర బడి వరండాలో ఉచిత రక్తపరీక్షల శిబిరం. వచ్చేవాళ్ళు పేరు రాయండని వారం కిందట ఇస్త్రీ కొట్టు తలుపు మీద కోడలే కాగితం అంటించింది. ఇందాక వస్తూ చూసింది. ఒక్క పేరు లేదు. ఇస్త్రీ పెద్దమ్మని అడిగితే బొగ్గులు ఊదుకుంటూ, "అది మీ ఇంట్లో వచ్చిన రోగమటగా అమ్మా, మాకెందుకూ?" అంది.

అక్కడ ఏడవాలో అరవాలో తెలియలేదు కోడలికి. తన మీద పడ్డ నింద తన్నే కాల్చుకు తింటే ఓర్చుకునేదేమో. అది వీధినంతా పరీక్షకి రాకుండా ఆపేస్తోంది.

"ఏంటే, మళ్ళీ మొదలైందా?" అంటూ మొగుడు వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. రెండు అంతస్తుల మధ్య ఎవరు ఇరుక్కున్నా పది నిమిషాల్లో బయటికి లాగుతాడు. అమ్మకీ పెళ్ళానికీ మధ్య తనే ఇరుక్కుంటే మాత్రం కదలడు.

"మొదలవలేదు. ఆగితేగా మొదలవడానికి," అంది కోడలు.

ఇంతలో మామగారు చేతికర్ర గోడకి ఆనించి, వంగి కంచం తీసుకున్నారు. కుళాయి కింద కడిగారు. తీసుకొచ్చి బల్ల మీద తన కుర్చీ ముందు పెట్టుకున్నారు.

"నాకు ఇందులో వడ్డించు," అన్నారు భార్యతో.

అత్తగారు మూతి తిప్పింది. ఈ ఇంట్లో ఆ మాత్రం చేసే మనిషి ఆయనొక్కడే. అందుకే సంచిలోని కాగితం కోడలికి అంత బరువుగా ఉంది.

*

ఆ కాగితం ఇచ్చింది ల్యాబ్‌లోని డాక్టరమ్మ. పొద్దున్నే గదిలోకి పిలిచి తలుపు వేసింది.

ఆ గది గోడ మీద ప్రపంచ పటం ఉంది. హెపటైటిస్ సి వైరస్‌లో ఇంతవరకూ దొరికిన రకాలు ఎనిమిది. ఏ రకం ఎక్కడ ఎక్కువో రంగు సూదులు గుచ్చి పెట్టారు. ఆ సూదులు గుచ్చే పని కోడలిదే. ఒకటో రకానికి నీలం, అది లేని ఖండం లేదు. అయిదో రకం ఎక్కడో ఆఫ్రికా కొసన, ఆరోది ఆసియాకి తూర్పున. నాలుగో రకానికి ఎరుపు. ఈజిప్టు మీద ఎరుపు ఎంత దట్టంగా ఉందంటే కొత్త సూది గుచ్చడానికి చోటు లేదు.

"మన దగ్గర ఎక్కువగా దొరికేవి మూడో రకం, ఒకటో రకమే కదా? ఎరుపు అరుదు." అంది డాక్టరమ్మ.

"అవునండీ."

"మీ వీధి నుంచి ఏడాదిలో తొమ్మిది శాంపిళ్ళు వచ్చాయి. ఎవరెవరివో నేను చెప్పను, నువ్వు అడగకు. నీది నీకు తెలుసు. మీ అత్తగారిది నీ చేతికివ్వమని ఆవిడే వేలిముద్ర వేసింది. తొమ్మిదిలో నీది ఒక్కటే ఒకటో రకం. మిగతా ఎనిమిదీ నాలుగు."

"అంటే అత్తయ్యకి వచ్చింది నా వల్ల కాదు."

"కానే కాదు. ఇంకో సంగతి చెప్తాను విను. ఆ ఎనిమిదింటినీ వరస పెట్టి పోల్చి చూశాం. వేలువిడిచిన చుట్టాలు కావు. ఒక తల్లి పిల్లలు."

"ఒకే చోట నుంచి వచ్చాయంటారు."

"అంతే. ఎనిమిది మందీ యాభై దాటినవాళ్ళు. ఇప్పుడున్న మాత్రలకి ఏ రకమైనా ఒకటే. పన్నెండు వారాలు మింగితే నూటికి తొంభై అయిదుగురికి పైగా పోతుంది. రకం చూసింది మందు కోసం కాదు, దారి కోసం. ప్రపంచంలో అయిదు కోట్ల మందికి ఈ వైరస్ ఉంటే ముగ్గురిలో ఇద్దరికి ఆ సంగతే తెలియదు. మీ వీధిలో తెలిసినవాళ్ళు తొమ్మిది మంది. తెలియనివాళ్ళు ఎందరో? ఇరవై ఏళ్ళు చడీ చప్పుడూ లేకుండా ఉండి, ఒకరోజు లివర్ పాడైపోయి పడిపోతారు." డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పాతికేళ్ళ కిందట మీ వీధివాళ్ళు ఇంజెక్షన్లు ఎక్కడ వేయించుకునేవాళ్ళు?"

కోడలు పటం మీది ఎర్ర సూదుల వైపు తిరిగింది. జవాబు తన ఇంట్లోనే పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటూ ఉంటుంది.

*

"రేపు ఆ శిబిరం దగ్గర నువ్వు కూర్చోకు," అంది అత్తగారు వడ్డిస్తూ. "ఉన్న పరువు చాలు. మూడు నెలలు మీ అమ్మ దగ్గరుండి మందులు మింగి రా."

"అమ్మా, తిననీ," అన్నాడు కొడుకు.

అంతే. వెళ్ళదనలేదు, ఎందుకు వెళ్ళాలనలేదు. తిననీ అన్నాడు. కోడలు లేచి సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"అత్తయ్యా, మీకున్నది నాలుగో రకం. నాకున్నది ఒకటో రకం."

"నాలుగా? నీకంటే నాకే ఎక్కువా?"

"ఎక్కువా కాదు, తక్కువా కాదు. అవి పేర్లు. కుక్కకి పిల్లి పుడుతుందా? నాకున్నదాంట్లోంచి మీకున్నది పుట్టదు. మీకు నా వల్ల రాలేదు."

"అంటే నువ్వు కాదన్నమాట!" మొగుడి ముఖం విప్పారింది.

"ఇన్నాళ్ళూ నేనే అనుకున్నావా?"

అతను మంచినీళ్ళ గ్లాసు ఎత్తాడు. తాగడం ఎంతకీ అవ్వలేదు.

అత్తగారు కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "నీది కాకపోతే మరెవరిదే?"

"ఈ వీధిలోనే ఎనిమిది మందికి అదే రకం ఉందట. ఒకే చోట నుంచి వచ్చిందట."

"ఎక్కణ్ణుంచి?" అన్నారు మామగారు.

కోడలు అన్నం కలుపుతున్నట్టు నటించింది.

"చెప్పమ్మా. ఈ వీధిలో ఎవరికి తుమ్మొచ్చినా నాకు తెలియకుండా రాలేదు. నలభై ఏళ్ళు చూశాను. డాక్టరుగారు వారానికి రెండు రోజులు వచ్చేవారు, మిగతా అయిదు రోజులూ నేనేగా."

"ఇంజెక్షన్ల వల్ల అయ్యుండొచ్చంటున్నారు మామయ్యగారూ."

ఆయన గట్టిగా నవ్వారు. కోపం కాదు, నిజంగానే నవ్వొచ్చింది ఆయనకి.

"పక్క వీధివాడి గురించి అంటే నమ్ముతాను. ఒక్క సూదితో పదిమందిని పొడిచేవాడు. వాణ్ణి వదిలేసి జనం నా దగ్గరికి ఎందుకొచ్చారనుకున్నావు? మనిషి మనిషికీ సూది మార్చేవాణ్ణి. మరిగించిన సూదులు వరసగా పేర్చి ఉండేవి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఉండు, చూపిస్తాను."

"వద్దు మామయ్యగారూ, ముందు తినండి."

వింటేగా! బీరువాలోంచి స్టీలు పెట్టె తెచ్చారు. మెత్తటి గుడ్డలో గాజు సిరంజి, పక్కన సూదులు. పదేళ్ళుగా వాడకపోయినా మెరుస్తున్నాయి. మంచినీళ్ళ గ్లాసు ముందుకు లాక్కున్నారు.

"ఇది మందు సీసా అనుకో. బలం ఇంజెక్షన్ సీసాలో పదిమందికి సరిపడా ఉండేది. మొదట సిరంజిలోకి గాలి తీసుకుని సీసాలోకి నెట్టాలి, అప్పుడే మందు పైకొస్తుంది. ఇదిగో, తీసుకున్నాను. చెయ్యి ఏదీ? ఆ దుంప ఇలా ఇవ్వు."

అత్తగారు ఉడికిన బీట్‌రూట్ ముక్క ఒకటి ఇచ్చింది. ఆవిడ ముఖంలో మొగుడి పనితనం చూస్తున్న సంబరం.

"పొడిచాను. నరంలోకి దిగిందేమోనని కడ్డీ కొంచెం వెనక్కి లాగి చూడాలి. చాలామంది లాగరు, నేను ప్రతిసారీ లాగేవాణ్ణి. చూశాను. తర్వాత మందు ఎక్కించాను. అయింది. ఇప్పుడు సూది తీసేశాను, కొత్త సూది పెట్టాను. తర్వాతి మనిషి రావాలి. మళ్ళీ గాలి తీసుకుని సీసాలోకి..."

గ్లాసులోని నీళ్ళలో సన్నటి ఎర్రటి చార ఒకటి దిగింది. మెల్లగా విడిపోయి నీళ్ళన్నీ లేత గులాబీ రంగుకి తిరిగాయి.

మామగారు సిరంజిని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. గాజు గొట్టం అడుగున ఎర్రటి చుక్క ఇంకా ఉంది.

"సూది మార్చాను కదమ్మా," అన్నారు.

"మార్చారు మామయ్యగారూ. సిరంజి మార్చలేదు. సీసా మార్చలేదు."

"పొద్దున మరిగించేవాణ్ణి."

"పొద్దున మరిగించారు. సాయంత్రం దాకా అదే కదా."

అత్తగారు లేచి గ్లాసు తీసుకుపోయి నీళ్ళు పారబోసింది. గ్లాసు తోముతూనే ఉంది. తోమి తోమి వచ్చి, "ఆ ఓడవాడు," అంది.

"ఎవరు?" అన్నాడు కొడుకు.

"ఓడలో వంట చేసొచ్చినాయన. మూల ఇంట్లో ఉండేవాడు. ఎన్ని దేశాలు తిరిగాడో! కామెర్లొచ్చి కళ్ళు పచ్చబడి పోయాడు. వారం వారం వచ్చి బలం ఇంజెక్షన్ వేయించుకునేవాడు. వాడు తెచ్చాడు ఈ దరిద్రం! రేపే చెప్తాను అందరికీ."

కోడలు కంచం పక్కకి నెట్టేసింది. "నిన్నటిదాకా నేను తెచ్చాను. ఇవాళ ఆయన తెచ్చాడు. ఆయనకి మాత్రం ఎవరు తగిలించారో ఆయనకేం తెలుసు? నీరసంగా ఉందని చెయ్యి చాపాడు, అంతే. పోనీ తెచ్చాడే అనుకోండి, ఆయన ఒంట్లో ఉన్నది ఎనిమిది ఒళ్ళలోకి తనంత తాను నడిచి వెళ్ళిందా?"

"అంటే నా మొగుడే చేశాడంటావా?"

"నేనేం అనడం లేదు!"

"అనేశావు. కాగితం పట్టుకొచ్చి మరీ అన్నావు. నీ మీద పడ్డది దులుపుకోవడానికి ఆయన నెత్తిన పోశావు. ఈ ఇంట్లో నీకు అన్నం పెట్టించిన మనిషి నెత్తిన!"

ఆ మాట సూటిగా తగిలింది. ఎందుకంటే పొద్దున్నుంచి కోడలు తన్ను తాను అనుకుంటున్న మాట అదే.

"ఈజిప్టులో కూడా ఇలాగే జరిగింది మామయ్యగారూ," అంది గొంతు తగ్గించి. "కాలవల్లో నత్తల వల్ల ఒక జబ్బు వచ్చేది. అది పోగొట్టాలని సర్కారే ఊరూరా ఇంజెక్షన్లు వేయించింది. సిరంజిలు సరిగా మరగలేదు. లక్షల మందికి ఈ నాలుగో రకం అంటుకుంది. వాళ్ళూ మంచి చెయ్యాలనే చేశారు."

"తర్వాత?"

"చాలా ఏళ్ళకి దేశం మొత్తం పూనుకుంది. ఇంచుమించు అయిదు కోట్ల మందికి పరీక్షలు చేశారు. ఉన్నవాళ్ళకి మందులిచ్చారు."

"మనది ఒక్క వీధి," అన్నారాయన.

"ఏమండీ!" అంది అత్తగారు. "ఈ మాట గడప దాటిందా, నేనూ దాటుతాను. ఒరేయ్, నువ్వైనా చెప్పరా!"

కొడుకు గొంతు సవరించుకున్నాడు. "శిబిరం ఒక నెల వాయిదా వేయిస్తే? అందరం కాస్త ఆలోచించుకుని..."

కోడలు అతని వైపు చూసింది. తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది.

మామగారు అప్పటికే బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్ళారు. పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని సిరంజి కడుగుతున్నారు. కడిగి, వెలుతురుకి చూసి, మళ్ళీ కడుగుతున్నారు.

*

మర్నాడు పది గంటలకి బడి వరండాలో ఇరవై కుర్చీలున్నాయి. వాటిలో కూర్చున్నది ఒక పిల్లి.

నర్సమ్మ చేతి తొడుగులు వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకుంది. "మీ వీధివాళ్ళకి జబ్బులు రావేమోనండీ, అదృష్టవంతులు," అంది.

కోడలికి నవ్వు రాలేదు. ఇస్త్రీ కొట్టు మీది కాగితం తెచ్చి ముందు పెట్టుకుంది. ఇప్పటికీ ఖాళీయే. లేచి వీధిలో నిలబడి అరవాలనిపించింది. ఏమని అరవాలి? నా వల్ల కాదు, మీ కాంపౌండర్ గారి వల్ల అనా? నోటిదాకా వచ్చింది, మింగేసింది. పొద్దున లేచేసరికి ఆయన ఇంట్లో లేరు. స్టీలు పెట్టె కూడా లేదు. అత్తగారు గదిలోంచి బయటికే రాలేదు.

పదిన్నరకి పిల్లి దిగి వెళ్ళిపోయింది. ఎందుకా అని చూస్తే వీధి మలుపులో మామగారు కనిపించారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. చంకలో స్టీలు పెట్టె. ఆయన వెనక ఇస్త్రీ పెద్దమ్మ, ఆవిడ వెనక టైలరు, రిటైరైన పోస్ట్‌మాన్, మూల ఇంటి ఓడ వంటాయన భార్య. వాళ్ళ వెనక ఇంకా ఉన్నారు. పావుగంటలో కుర్చీలు చాల్లేదు.

"తెల్లారకముందే గడప గడపా ఎక్కారమ్మా," అంది ఇస్త్రీ పెద్దమ్మ రొప్పుతూ. "నేనూ చేయించుకుంటున్నాను, మీరూ రండి అన్నారు. కోడలికి మాట రాకూడదని ఈ వయసులో ఎంత తిరిగారో మహానుభావుడు! నీ అదృష్టం అనుకో."

కోడలు ఖాళీ పేర్ల కాగితం దగ్గరికి లాక్కుంది. వచ్చారు, సరే. ఎందుకు రావాలో తెలియకుండా వచ్చారు. తప్పు ఇంకా ఆమెదే, దాన్ని కప్పుతున్న గొప్పతనం ఆయనది. ఫలితాలొస్తాయి, ఇంటింటా ఉందని తేలుతుంది. అప్పుడూ వేలు చూపించేది తన వైపే.

పెద్దమ్మ మొదటి కుర్చీలో కూర్చుంది. నర్సమ్మ కొత్త సిరంజి కవరు చింపింది. పెద్దమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నువ్వొద్దమ్మా. కాంపౌండర్ బాబూ, నువ్వు గుచ్చు. నీ హస్తవాసి నాకు తెలుసు. నీ చేతి సూది పడ్డట్టే తెలియదు."

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. "నాకూ ఆయనే," అన్నాడు టైలరు.

మామగారు స్టీలు పెట్టె బల్ల మీద పెట్టారు. మూత తియ్యలేదు. కోడలి వైపు ఒకసారి చూసి జనం వైపు తిరిగారు.

"నా కోడలి వల్ల ఎవరికీ ఏమీ రాలేదు," అన్నారు. "నా వల్ల వచ్చింది. నలభై ఏళ్ళు మీకు సూది మార్చాను. సిరంజి మార్చలేదు."

గొంతు సన్నగా ఉన్నా అందరికీ వినబడింది. కోడలు కళ్ళు మూసుకుంది. ఇప్పుడు అరుపులు మొదలవుతాయి, ఎవరో ఒకరు కుర్చీ ఎత్తుతారు అనుకుంది.

ఏమీ జరగలేదు. కళ్ళు తెరిచి చూస్తే అందరూ ఆయన ముఖంలోకి ఇంకా ఏదో చెప్తారన్నట్టు చూస్తున్నారు.

"అయితే ఏంటి బాబూ?" అంది పెద్దమ్మ. "సూది మార్చావు, అది చాలదూ? ఇంక కానీ, కొట్టు వదిలేసొచ్చాను." మళ్ళీ చెయ్యి చాపింది, ఆయన వైపే.

మామగారు స్టీలు పెట్టె పక్కకి జరిపారు. ఒక్కసారి చెప్పడానికే రాత్రంతా కూడగట్టుకున్నారు. రెండోసారికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. కోడలి వైపు తిరిగారు.

"నువ్వు చెప్పమ్మా," అన్నారు. "నాకు చెప్పినట్టే చెప్పు. ఆ ఎర్ర నీళ్ళ సంగతి."

వీధంతా ఆమె వైపు తిరిగింది. ఓడ వంటాయన భార్య కొంగు భుజం మీదికి లాక్కుని, బాగా వినబడాలని రెండడుగులు ముందుకొచ్చింది.